జలాపుట్ చలిలో టూ స్ట్రోక్ బోటు మోటారు: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో, మాచ్‌ఖండ్ వైపు జలాపుట్ రిజర్వాయర్ మీద 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారును (బోటు వెనుక బయట బిగించేది) ఏళ్ల తరబడి నడుపుతున్నాను. తాడు లాగి స్టార్ట్ చేసే రకం. ఎండాకాలంలో దీని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒకటి రెండు లాగుళ్లకే అందుకుంటుంది. దాని అసలు గుణం డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లోనే తెలుస్తుంది.

డ్యామ్ నిండితే ఇక్కడ నీటిమట్టం సముద్రానికి 2,750 అడుగుల ఎత్తు. విశాఖ తీరంలో ఇదే రకం మోటారు నడిపేవాళ్లకు మా ఇబ్బంది అంతుపట్టదు. చలికి పెట్రోల్ సరిగా ఆవిరి కాదు. సిలిండర్‌లోకి తడిగానే వెళ్తుంది, అంటుకోదు. అందుకే చోక్ లాగి గాలి తగ్గించి, పెట్రోల్ పాలు పెంచాలి. కానీ ఈ ఎత్తులో గాలి కాస్త పలచన. చోక్ ఎక్కువసేపు లాగి ఉంచితే స్పార్క్ ప్లగ్గు ఇట్టే తడిసిపోతుంది.

నా పద్ధతి ఇదీ. ముందు ట్యాంకు మూత మీది గాలి మర వదులు చేస్తాను. పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బును గట్టిపడేదాకా నొక్కుతాను. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో, ఇంజను ఆపే స్విచ్‌కి ఎర్ర తాడు క్లిప్పు ఉందో లేదో చూస్తాను. అది లేకపోతే చేతులు పడిపోయేలా లాగినా స్టార్ట్ కాదు. తర్వాత చోక్ పూర్తిగా లాగి, తాడును బిగువు తగిలేదాకా నెమ్మదిగా తెచ్చి, అక్కడినుంచి ఒక్క ఊపున లాగుతాను. ఇంజను ఒకసారి దగ్గి ఆగిందంటే మంచి గుర్తే. వెంటనే చోక్ సగం లోపలికి నెట్టి మళ్లీ లాగాలి.

పెట్రోల్ వాసన గుప్పున వస్తే ఇక లాగకండి. పైపు, ఎర్ర క్లిప్పు తీసేసి, ప్లగ్గు విప్పి తుడవండి. ప్లగ్గు లేకుండా తాడు కొన్నిసార్లు లాగితే లోపలి పెట్రోల్ బయటకు వచ్చేస్తుంది. అది ఆరాక అన్నీ బిగించి, చోక్ లేకుండా, రేజ్ కొంచెం పెంచి లాగితే చాలా వరకు అందుకుంటుంది.

ఇంతా చేసి చెప్పేదేమిటంటే, చలిలో మొరాయించే మోటారులో తప్పు ఎక్కువగా పెట్రోల్‌దే. 2025 నాటికి మన పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ వచ్చేసింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. మాలాంటి మంచు కురిసే చోట సగం ఖాళీ క్యాన్ వదిలేస్తే అడుగున నీరు చేరుతుంది. పోయిన శీతాకాలం మోటారు అస్సలు అందుకోకపోతే కార్బరేటర్ అడుగు గిన్నె విప్పాం, నీళ్లు ముత్యాల్లా దొర్లుతున్నాయి. అప్పటినుంచి క్యాన్ నిండుగా ఉంచుతున్నాను, నీరు వడకట్టే ఫిల్టర్ పెట్టించాను. కొన్ని రోజులు బోటు ఆపాలంటే పైపు పీకి, కార్బరేటర్‌లో ఉన్నది అయిపోయేదాకా నడిపి ఆపుతాను.

పెట్రోల్‌లో కలిపే ఆయిల్ లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే 50:1. బైకు 2టీ ఆయిల్ వద్దు. నీటితో చల్లబడే బోటు మోటార్లకు టీసీ-డబ్ల్యూ3 రకం కావాలి. చలికి ఆయిల్ చిక్కబడి సరిగా కలవదు కాబట్టి క్యాన్ బాగా కుదపాలి.

స్టార్ట్ అయ్యాక వెనుకనుంచి నీటిధార వస్తోందో లేదో చూసి, కాసేపు నెమ్మదిగా తిరగనివ్వండి. అప్పుడే గేరు వేయండి.

లోపాలూ ఉన్నాయి. పొగ ఎక్కువ, చప్పుడు ఎక్కువ, పెట్రోల్ తాగుతుంది. కార్బరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఫోర్ స్ట్రోక్ మోటారు చలిలో ఇంతకంటే సులువుగా అందుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ బరువెక్కువ. చెడితే ఒడిశాలోని జైపూర్‌కో విశాఖకో మోసుకెళ్లాలి. ఇది మాత్రం ఒక ప్లగ్గు స్పానరు, స్క్రూడ్రైవరుతో గట్టునే బాగవుతుంది. గురువారం ఒనకడిల్లీ సంతకు చేపలు పట్టుకెళ్లాల్సినవాళ్లకు ఆ తేడా చాలా పెద్దది. అందుకే మా వైపు ఎవరైనా అడిగితే ఈ రకమే కొనమంటాను. దాంతోపాటు రెండు కొత్త ప్లగ్గులు, ఒక స్టార్టర్ తాడు మూత బిగుసుకునే డబ్బాలో వేసి బోటులోనే పెట్టుకోమంటాను.