హాస్పిస్ నడకకి జస్ట్‌గివింగ్ పేజీ: ఆ ఒక్క గడి చూసుకోండి

బ్రిటన్‌లో స్నేహితులు కలిసి 135 కిలోమీటర్ల హేడ్రియన్స్ వాల్ (పాత రోమన్ గోడ) దారి నడిచి హాస్పిస్‌కి, అంటే నయంకాని జబ్బు ఉన్నవాళ్లని చూసుకునే సేవాసంస్థకి, డబ్బు పోగుచేయాలంటే విరాళాలు సేకరించే వెబ్‌సైట్ జస్ట్‌గివింగ్‌లో పేజీ చాలా సుళువు. అసలు విలువంతా గిఫ్ట్ ఎయిడ్ గడిలో ఉంది. అక్కడ పన్ను కట్టేవాళ్లు టిక్ పెడితే 10 పౌండ్లకి ప్రభుత్వం మరో 2.50 కలుపుతుంది, దయచేసి వదులుకోకండి. పదిమంది దగ్గర నగదు తీసుకుని ఒకరి కార్డు మీద కడితే మాత్రం టిక్ పెట్టకూడదు, ఆ డబ్బు ఒక్కరిది కాదు కదా. బ్రిటన్‌లో పన్ను కట్టని హైదరాబాద్ బంధువులూ అంతే. చివర్లో సైట్ తనకోసం అడిగే మొత్తం ఐచ్ఛికం, సున్నా చేసుకోవచ్చు. నగదు ఇచ్చే పెద్దవాళ్లకి కాగితపు స్పాన్సర్ ఫారమే మేలు: గిఫ్ట్ ఎయిడ్ కోసం పూర్తి పేరు, ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్ వాళ్ల చేతే రాయించండి. ఆఫీసు చిరునామా పనికిరాదు.