స్పీడ్ లిమిట్ సిగ్నల్‌ని నమ్మి లైసెన్స్ కొనేముందు ఇది చూడండి

బ్యాకప్ ప్రోగ్రామ్ కొనబోతున్నారా? "నడుస్తుండగానే స్పీడ్ లిమిట్ తీసెయ్యొచ్చు, మళ్లీ పెట్టొచ్చు" అన్న మాట చూసి మాత్రం తొందరపడకండి. నేను ఆ ఒక్క మాట కోసమే లైసెన్స్ తీసుకుని నష్టపోయాను.

సిగ్‌యూఎస్‌ఆర్2 (SIGUSR2, నడుస్తున్న ప్రోగ్రామ్‌కి బయటినుంచి పంపే ఒక సిగ్నల్) పంపితే లిమిట్ పోతుంది, ఇంకోసారి పంపితే తిరిగొస్తుంది అని మాన్యువల్‌లో ఉంది. పగలంతా లిమిట్‌తో నడిపి, రాత్రి నెట్ ఖాళీ అయ్యాక కిల్ కమాండ్‌తో ఆ సిగ్నల్ పంపాను. టెర్మినల్‌లో "యూజర్ డిఫైన్డ్ సిగ్నల్ 2" అని ఒక్క లైన్ వచ్చింది. అంతే, ప్రోగ్రామ్ చచ్చిపోయింది. ముప్పావు వంతు ఎక్కిన పెద్ద ఫైలు మళ్లీ సున్నా నుంచి మొదలైంది.

పేరు కిల్ అయినా ఆ కమాండ్ చేసేది సిగ్నల్ పంపడమే. అది అందినప్పుడు ఏం చెయ్యాలో ప్రోగ్రామే ముందుగా సిస్టమ్‌కి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఈ సిగ్నల్‌కి యూనిక్స్ చేసేది ఒకటే, ప్రాసెస్‌ని ముగించెయ్యడం. నాకు అమ్మిన వెర్షన్‌లో ఆ ఏర్పాటే, అంటే హ్యాండ్లరే, లేదు. సపోర్ట్ వాళ్లు మాత్రం మూడు మెయిళ్లలోనూ "పీఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే నంబరు) తప్పు ఇచ్చి ఉంటారు" అనే అన్నారు. యాక్టివేట్ చేసిన లైసెన్స్‌కి రీఫండ్ లేదట.

అందుకే ట్రయల్‌లోనే తేల్చుకోండి. లైనక్స్‌లో ప్రోగ్రామ్ నడుస్తుండగా ప్రాక్ (/proc) అనే ఫోల్డర్ కింద దాని పీఐడీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోని స్టేటస్ ఫైలు తెరిచి, సిగ్‌సీజీటీ (SigCgt) అన్న లైన్ చూడండి. మామూలు ఇంటెల్, ఏఆర్ఎం మెషీన్లలో కుడి నుంచి మూడో అంకె 8, 9 గానీ, ఏ నుంచి ఎఫ్ దాకా ఏదైనా అక్షరం గానీ అయితే హ్యాండ్లర్ ఉన్నట్టు. ఏడు, అంతకన్నా తక్కువైతే ముఖ్యమైన ఫైళ్ల మీద ప్రయోగం చెయ్యకండి. సిగ్నల్‌ని పేరుతోనే పంపండి. లైనక్స్‌లో దాని నంబరు 12, మ్యాక్‌లో 31.

లిమిట్ ఇప్పుడు ఉందా లేదా అన్నది లాగ్‌లో రాస్తుందో లేదో కూడా చూసుకోండి. వెంటవెంటనే రెండుసార్లు పంపితే రెండూ కలిసి ఒక్కటిగానే అందొచ్చు, అప్పుడు లెక్క తప్పుతుంది.

నేను ఇప్పుడు ఆర్‌క్లోన్ (rclone) అనే ఫైళ్లు కాపీ చేసే ప్రోగ్రామ్‌కి మారాను. అది ఉచితం, ఇదే సిగ్నల్‌తో లిమిట్ నిజంగానే మారుతోంది. కాకపోతే దాని లెక్క బిట్లలో కాదు, బైట్లలో (ఒక బైటుకి ఎనిమిది బిట్లు). పది మెగాబిట్ల లైన్ మీద 10ఎం అని పెడితే లిమిట్ పెట్టనట్టే.