తడబడే చోట పక్కనే నిలబడే డాక్యుమెంటేషన్: జాంగోతో ఏళ్ల అనుభవం

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో వెబ్‌సైట్లు నిర్మించడానికి వాడే జాంగో ఫ్రేమ్‌వర్క్ (ముందే సిద్ధం చేసిన కోడు సముదాయం) 2005లో ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా చూసి మార్చుకోగలిగేలా, విడుదలైంది. దాని డాక్యుమెంటేషన్‌ను, అంటే ఎలా వాడాలో చెప్పే పేజీలను, నేను నేర్చుకునే రోజుల నుంచి, ఇతరులకు నేర్పుతున్న ఈనాటి వరకు, ఏళ్ల తరబడి చదువుతూ వస్తున్నాను. ఈ సమీక్షలో ఫ్రేమ్‌వర్క్ మంచిచెడ్డల జోలికి పోకుండా, ఆ డాక్యుమెంటేషన్ కొత్తవారిని ఎలా ఆదరిస్తుందో మాత్రమే చెబుతాను.

అందులో నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోచింది, ఒక చిన్న పోల్స్ (ప్రశ్నలకు ఓట్లు వేసే) అప్లికేషన్‌ను కట్టిస్తూ సాగే ట్యుటోరియల్. ఇప్పుడు అది ఎనిమిది భాగాలుగా ఉంది. జాంగో ఇన్‌స్టాల్ అయిందో లేదో తెలుసుకునే కమాండ్‌ను మొదట్లోనే ఇచ్చి, అయి ఉంటే వెర్షన్ నంబరు కనిపిస్తుందని, లేకపోతే 'నో మాడ్యూల్ నేమ్డ్ జాంగో' అన్న ఎర్రర్ వస్తుందని, రెండు సంగతులూ ముందే చెబుతుంది. సర్వర్‌ను మొదటిసారి నడిపినప్పుడు మైగ్రేషన్లు (డేటాబేస్ నిర్మాణంలో చేయాల్సిన మార్పులు) ఇంకా అమలు కాలేదన్న హెచ్చరిక టెర్మినల్‌లో కనబడుతుంది. దాన్ని ప్రస్తుతానికి పట్టించుకోవద్దని, డేటాబేస్ సంగతి కాసేపట్లో చూద్దామని అక్కడే రాసి ఉంటుంది. మొదటి పేజీని బ్రౌజర్‌లో తెరవమన్న చోట, ఎర్రర్ వస్తే చిరునామా చివర 'పోల్స్' అని ఉందో లేదో చూసుకోమంటుంది. నేను నేర్పినవారిలో ఎక్కువమంది ఆగిపోయింది సరిగ్గా ఇలాంటి చోట్లలోనే. స్వాగత వాక్యాలు ఎన్ని రాసినా రాని ధైర్యం, తెర మీద కనబడుతున్నది తాము చదువుతున్న పేజీలోనూ ఉందని తెలిసినప్పుడు వారికి వస్తుంది.

అయిదో భాగం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అంతకుముందు మన చేతే రాయించిన ఒక ఫంక్షన్‌లో లోపం ఉందని, భవిష్యత్ తేదీ ఉన్న ప్రశ్నను కూడా అది ఇటీవలే ప్రచురించినదిగా లెక్కిస్తుందని అక్కడ బయటపెట్టి, ఆ లోపాన్ని పట్టుకునే టెస్టును (కోడు సరిగా పనిచేస్తోందో లేదో చూసే చిన్న కోడును) మొదట రాయించి, ఆ తరువాతే కోడును సరిచేయిస్తుంది. టెస్టులు ఎందుకు రాయాలో నేను పాఠాలుగా చెప్పి ఒప్పించలేని వారిని ఈ ఒక్క భాగం ఒప్పించింది.

ట్యుటోరియల్, విషయ వివరణ, ఒక్కో పని ఎలా చేయాలో చెప్పే సూచనలు, రిఫరెన్స్ అన్న నాలుగు విభాగాల్లో దేనికి ఎప్పుడు వెళ్లాలో మొదటి పేజీలోనే చెప్పడం, ఏ వెర్షన్ పేజీ చదువుతున్నామో కనిపించేలా ఉంచడం కూడా మేలైన ఏర్పాట్లే. పని కష్టాన్ని తక్కువ చేసి చూపే మాటలు వాడవద్దని డాక్యుమెంటేషన్ రాసేవారికి ప్రాజెక్టు మార్గదర్శకాలు సూచిస్తాయి. ఇది చిన్న నియమంగా కనిపించవచ్చు. కానీ ఇంత తేలికైనది కూడా నాకు రాలేదే అని చిన్నబుచ్చుకుని నేర్చుకోవడమే మానేసే మనిషిని అది నిలబెడుతుంది.

రాసేవారి కొరత మాత్రం ఓపెన్ సోర్స్ అంతటా ఉంది. 2017లో, కోడును పంచుకునే వేదిక గిట్‌హబ్ జరిపిన సర్వేలో, అసంపూర్ణమైన లేదా పాతబడిన డాక్యుమెంటేషన్ తమకు ఎదురైందని 93 శాతం మంది చెప్పారు. డాక్యుమెంటేషన్‌కు అరుదుగా సహకరిస్తామని, లేదా అసలు సహకరించబోమని చెప్పినవారు, ప్రాజెక్టులకు పనిచేసే కంట్రిబ్యూటర్లలో 60 శాతం. అందుకే, మొదటి సహకారం ఎలా అందించాలో గిట్ (కోడు మార్పులను నమోదు చేసే సాధనం) నుంచి టెస్టులు నడపడం దాకా అడుగడుగునా చూపించే ట్యుటోరియల్‌ను కూడా జాంగో ఇవ్వడం నాకెంతో నచ్చింది. చదివినవారిలో కొందరైనా రేపు రాసేవారవుతారు.

లోట్లు రెండు చెప్పాలి. క్లాస్ ఆధారిత వ్యూల (బ్రౌజర్ అడిగిన పేజీని అందించే, క్లాసులుగా రాసిన కోడు) రిఫరెన్స్‌లో ఒక వ్యూకు సంబంధించిన మెథడ్లు వేర్వేరు మిక్సిన్ల (ఇతర క్లాసులకు కలిపే చిన్న క్లాసుల) పేజీల్లో చెదిరి ఉంటాయి కాబట్టి, ఏది ఎక్కడి నుంచి వస్తోందో కొత్తవారికి అంత తొందరగా అందదు. రెండోది ఇంతకన్నా పెద్దది: ట్యుటోరియల్ పూర్తయ్యేసరికి అప్లికేషన్ మన కంప్యూటర్‌లోనే నడుస్తూ ఉంటుంది, దాన్ని నలుగురూ చూసేలా సర్వర్‌కు ఎక్కించే పని ఆ ఎనిమిది భాగాల్లో లేదు. ఆ పనికి, అంటే డిప్లాయ్‌మెంట్‌కు, వేరే పేజీలు ఉన్నాయి, బాగానే ఉన్నాయి. అయితే అవి అప్పటిదాకా చేయి పట్టుకుని నడిపించిన స్వరంలో కాకుండా, అనుభవజ్ఞులకు చెబుతున్నట్టు సాగుతాయి. తొమ్మిదో భాగం ఒకటి వచ్చేవరకు, ఎనిమిదో భాగం ముగించినవారిని నేను డిప్లాయ్‌మెంట్ చెక్‌లిస్ట్ పేజీకి పంపి, డీబగ్ సెట్టింగు (ఎర్రర్ల లోపలి వివరాలు చూపించేది) ఆపడం, సీక్రెట్ కీని (సైటు భద్రతకు వాడే రహస్య విలువను) కోడులో ఉంచకపోవడం అన్న రెండు అంశాలనైనా పక్కన కూర్చుని చేయిస్తున్నాను.