ఆరేళ్లుగా కాసాతో ధ్రువణ క్యాలిబ్రేషన్: అనంతపురం నుంచి ఒక సమీక్ష

అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతూ, సెలవుల్లో జీఎంఆర్‌టీ, వీఎల్‌ఏ రేడియో టెలిస్కోపుల పాత పరిశీలనలను దించుకుని ఇంటి కంప్యూటర్‌లో శుద్ధి చేయడం ఆరేళ్లుగా నాకు అలవాటు. అందుకు వాడే కాసా సాఫ్ట్‌వేర్ ఉచితం. దానిలోని ధ్రువణ క్యాలిబ్రేషన్ (రేడియో తరంగం కంపించే దిశ కొలతను సరిచేయడం) గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

యాంటెన్నా ఫీడ్ (తరంగాలను అందుకునే భాగం) రెండు ధ్రువణాలను విడివిడిగా పట్టుకోవాలి గానీ, ఒకదానిది కొంత రెండోదానిలోకి కారుతూనే ఉంటుంది. చాలా రేడియో మూలాల్లో అసలు ధ్రువణమే కొద్ది శాతం కనుక, ఈ లీకేజీని తీసివేయకుండా కొలిస్తే ఆకాశాన్ని కాక యాంటెన్నాను కొలిచినట్టవుతుంది. కాయలు తూచేముందు ఖాళీ తక్కెడకు పాసంగం కట్టినట్టే, 3సీ84 వంటి దాదాపు ధ్రువణం లేని మూలంతో ముందు లీకేజీని లెక్కగట్టి, తరువాత ధ్రువణ కోణం ముందే తెలిసిన 3సీ286 మూలంతో కోణాన్ని సరిచేయాలి. ఈ రెండు పనులనూ కాసాలోని ఆదేశం ‘పోల్‌క్యాల్’ నమ్మకంగా చేస్తుంది. ఒక్కో దశ ఫలితాన్నీ వేరే పట్టికగా రాసిపెడుతుంది కాబట్టి, వేసవిలో కరెంటు పోయినా (మా వీధిలో అది వార్త కాదు) ఆ ఒక్క దశే మళ్లీ చేసుకోవాల్సి వస్తుంది.

నా ఫిర్యాదల్లా, తప్పు ఇచ్చినా అది కిక్కురుమనదు. 3సీ286 ధ్రువణ కోణం 33 డిగ్రీలు. క్యాలిబ్రేటర్ విలువలను నమోదు చేసే ఆదేశం ‘సెట్‌జై’ ఆ కోణాన్ని రేడియన్లలో అడుగుతుంది, అంటే 0.576 ఇవ్వాలి. మొదటి ఏడాది నేను తిన్నగా 33 అని కొట్టాను. 33 రేడియన్లలోంచి పూర్తి అర్ధవృత్తాలు తీసేస్తే దాదాపు 91 డిగ్రీలు మిగులుతుంది గనుక, నా పటాల్లోని ప్రతి కోణమూ 58 డిగ్రీలు పక్కకు తిరిగింది. పటాలు మాత్రం ఎంతో అందంగా వచ్చాయి! రెండు నెలల పని వృథా అయింది. అప్పటినుంచి క్యాలిబ్రేషన్ ముగియగానే 3సీ286 ఆర్‌ఎల్, ఎల్‌ఆర్ (కుడి, ఎడమ వృత్తాకార ధ్రువణాలను జతచేసిన సంకేతాల) ఫేజులను గీసి చూస్తున్నాను. వీఎల్‌ఏ 1–2 గిగాహెర్ట్జ్ డేటాలో ఒక గీత 33కు రెట్టింపైన 66 డిగ్రీల వద్ద, మరొకటి మైనస్ 66 వద్ద పడుకుని ఉంటేనే ముందుకు కదులుతాను. ఒకసారి ఇవి సమయంతో పాటు జారుతూ పోయాయి; వెతికితే, రిఫరెన్స్‌గా నేను ఎంచుకున్న యాంటెన్నాలో ఒక ధ్రువణపు ఫేజే నిలకడగా లేదని తేలింది.

ధ్రువణం లేని మూలాన్ని చూడని పరిశీలనల్లో లీకేజీ లెక్కకు, పారలాక్టిక్ కోణం (భూమి తిరిగేకొద్దీ యాంటెన్నాకు ఆకాశం తిరిగి కనిపించే కోణం) బాగా మారేలా ఒకే క్యాలిబ్రేటర్‌ను గంటల తరబడి పలుమార్లు చూసి ఉండాలి. వేరొకరు వేరే పని కోసం తీసిన డేటాలో అది అరుదు. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు.

తక్కువ ఫ్రీక్వెన్సీల సంగతి వేరు. అయనోవరణం వల్ల కలిగే ఫారడే భ్రమణం (ధ్రువణ కోణం తిరిగిపోవడం) తరంగదైర్ఘ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది: చదరపు మీటరుకు ఒక్క రేడియన్ భ్రమణమానం (ఆ తిప్పే బలానికి కొలత) 1.4 గిగాహెర్ట్జ్ వద్ద కోణాన్ని 2.6 డిగ్రీలు తిప్పితే, 400 మెగాహెర్ట్జ్ వద్ద 32 డిగ్రీలు తిప్పుతుంది. జీపీఎస్ ఆధారిత ఎలక్ట్రాన్ పటాలతో దీన్ని దిద్దే సదుపాయం కాసాలో ఉంది గానీ, ఆ పటాలు సాధారణంగా రెండు గంటలకొకటి చొప్పున వస్తాయి. మన అక్షాంశాల్లో సాయంత్రపు అయనోవరణం అంతసేపు ఆగదు. అందుకే జీఎంఆర్‌టీ 250–500 మెగాహెర్ట్జ్ డేటా నుంచి స్కాన్ వారీగా ధ్రువణ శాతం రాసుకుంటాను, కోణం గడిని ఖాళీగా వదిలేస్తాను.