పెట్టెలో వచ్చిన డకోటా

సికింద్రాబాదులోని ఒక బొమ్మల దుకాణంలో రూ. 2,400 పెట్టి కొన్న డకోటా విమానపు ప్లాస్టిక్ కిట్టును మూడు ఆదివారాలు కూర్చుని అతికించాను. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది ఈ విమానాలనే. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయిన తరువాత కూడా మా నాన్నగారు అక్కడి హ్యాంగరులో ఇంజన్ల పనే చేశారు కనుక, నా చూపు కాక్‌పిట్ కంటే ముందు ఇంజన్ల మీదికి పోయింది.

1/72 కొలతలో ఉన్న ఈ నమూనాకు రెక్కల చివరి నుంచి చివరికి 40 సెంటీమీటర్లు వస్తుంది. అతుకులు చక్కగా కూర్చున్నాయి. చక్రాలు పైకి మడిచినా టైర్లు సగం బయటికే కనిపించడం డకోటా ప్రత్యేకత. పొట్ట మీద దించవలసి వచ్చినప్పుడు దెబ్బ తగ్గించేది ఆ టైర్లే. తయారీదారు ఆ సంగతి మరిచిపోలేదు.

నా అసంతృప్తి అంతా ఇంజన్ల దగ్గరే. అసలు డకోటాకు ఉండే ట్విన్ వాస్ప్ ఇంజనుకు ఏడేసి చొప్పున రెండు వరుసల్లో 14 సిలిండర్లు, 28 స్పార్క్ ప్లగ్గులు ఉంటాయి. ఇక్కడ ముందు వరుస ఏడింటినే పోతపోసి వెనుక వరుసను ఎగ్గొట్టారు. ప్రొపెల్లరు అయితే అసలు తిరగదు. నిజం విమానంలో, రాత్రంతా ఆగి ఉన్న ఇంజనులో ఆయిలు దిగి కింది సిలిండర్లలో చేరుతుంది. అది చూసుకోకుండా స్టార్టరు నొక్కితే, ఆయిలు అణగదు కాబట్టి పిస్టనును ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అందుకే తెల్లవారుజామున మెకానిక్కులు ప్రొపెల్లరును చేత్తో తిప్పి చూసి, ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయక, కింది ప్లగ్గు విప్పి ఆయిలు కార్చేవారు. ఇంజనీరు సంతకం పడితే గాని విమానం కదిలేది కాదు. కిట్టులో పైలట్ల బొమ్మలు రెండున్నాయి, మెకానిక్కు బొమ్మ మాట అటుంచి ఒక నిచ్చెన అయినా లేదు.

స్టిక్కర్లన్నీ యుద్ధకాలపు సైనిక విమానానివే, పైగా తడి తగలగానే అంచులు లేస్తున్నాయి. జిగురు వేరుగా కొనుక్కోవాలి. ఇంజను లోపలి పని కోరేవారికి ఈ ధర ఎక్కువే. ఆకారం చాలనుకుంటే పరవాలేదు.

ఎడమ ఇంజనుకు సన్నని రంధ్రం చేసి గుండుసూది దింపాను. ఇప్పుడు వేలితో తోస్తే ఆ ప్రొపెల్లరు తిరుగుతోంది. కుడి వైపుది వచ్చే ఆదివారం చూడాలి.