చినార్, ఫెర్నెట్, మరాస్కినో: బావ తెచ్చిన మూడు సీసాలు

మా బావ ఓడలో ఇంజినీరు. ఈసారి ఇటలీలోని జెనోవాలో డ్యూటీ ముగించుకుని ఓడ దిగి, విమానంలో వైజాగ్ వస్తూ మూడు ఇటలీ మద్యం సీసాలు తెచ్చాడు. డ్యూటీ కట్టకుండా మనిషికి రెండు లీటర్లే కాబట్టి లెక్క చూసుకుని మరీ కొన్నాడు: చినార్ 700 మిల్లీ, ఫెర్నెట్ బ్రాంకా 700 మిల్లీ, లుక్సార్డో మరాస్కినో 500 మిల్లీ. ఇక్కడి షాపుల్లో ఈ మూడింటి కోసం నేను చాలాసార్లు అడిగి చూశాను, దొరకలేదు. అందుకే నెల రోజులుగా వీటిని ఒక్కొక్కటే, తొందర లేకుండా రుచి చూస్తున్నాను. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

ముందుగా మేం చేసిన తప్పు చెప్పాలి. మొదటి రోజు సాయంత్రం మేడ మీద కూర్చుని, బీచ్ నుంచి తెచ్చిన మురీ మిక్చర్, మిర్చి బజ్జీ మంచింగ్‌గా పెట్టుకుని, మూడింటినీ విస్కీలాగా పెగ్గులు పోసుకున్నాం. ఏదీ నచ్చలేదు. కారంతో మండుతున్న నాలుక మీద చేదు పడితే ఇంకేమీ తెలియదు, ఒట్టి చేదే మిగులుతుంది. బావ ఫెర్నెట్ ఒక గుక్క తాగి, "ఇది మందా, కషాయమా రా?" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. ఫెర్నెట్ మొదట నిజంగా ఔషధంగానే అమ్ముడుపోయింది. మన భాషలో మద్యానికీ ఔషధానికీ 'మందు' అని ఒకటే మాట ఉండటం ఈ సీసా విషయంలో భలే సరిపోయింది.

మర్నాడు భోజనం అయ్యాక, నోరు కడుక్కుని, చిన్న గ్లాసులో ఒక్క 15 మిల్లీ, ఒక ఐసు ముక్క వేసుకుని తాగాం. అప్పుడు గానీ అసలు రుచులు బయటికి రాలేదు.

ముందు చినార్. దీన్ని ఆర్టిచోక్ అనే కూరగాయ మొక్క ఆకులతో, ఇంకో డజను మూలికలతో చేస్తారు, 1952లో ఇటలీలో మార్కెట్లోకి వచ్చింది. సీసా మీద బొమ్మ కూడా ఆర్టిచోక్‌దే. ఆల్కహాల్ 16.5 శాతమే, అంటే మన విస్కీలో సగం కూడా లేదు. మొదట బెల్లం పాకం లాంటి తీపి, వెనకే ఆకు పసరు, చివర్లో కాకరకాయ చేదు. ఆర్టిచోక్ తిన్నాక మంచినీళ్లు తియ్యగా అనిపిస్తాయి, మనకు ఉసిరికాయ తిన్నాక అనిపించినట్టే. బెల్లం వేసి దగ్గరకు వేయించిన కాకరకాయ కూర ఇష్టపడే ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ చేదు కొత్తేమీ కాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వును ఇష్టంగా తినే మనం చేదు మందును చూసి ఎందుకు భయపడాలో నాకు నిజంగా అర్థం కాదు.

దీంతో నేను చేసినవాటిలో బాగా కుదిరింది చాలా తేలికైనది. పెద్ద గ్లాసు నిండా ఐసు, 45 మిల్లీ చినార్, అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు, పైన గోళీ సోడా. ఉప్పు తప్పనిసరి, అది చేదును అణుస్తుంది. ఇక్కడి ఉక్కపోతలో, ఒళ్లంతా జిడ్డుగా ఉండే మే నెల సాయంత్రం దీనికి సాటి వచ్చేది నాకు తెలిసి లేదు. మా అక్క మామూలుగా మందు ముట్టుకోదు, ఒక చెంచా రుచి చూసి ఇంకో చెంచా అడిగింది. జిన్, తీపి వెర్మూత్, చినార్ తలా 30 మిల్లీ కలిపితే నెగ్రోనీ అనే ఇటలీ కాక్‌టెయిల్‌కు చెల్లెలు లాంటి డ్రింకు వస్తుంది, అదీ బావుంది, కానీ ఒక జాగ్రత్త: వెర్మూత్ అంటే వైనే, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఊరి ఎండకు అలమరలో ఉంచితే రుచి త్వరగా పాడైపోతుంది. చాలామంది నెగ్రోనీ నచ్చలేదనడానికి పాత వెర్మూతే కారణమని నా అనుమానం.

ఇక ఫెర్నెట్ బ్రాంకా. 1845 నుంచి మిలాన్‌లో చేస్తున్నారు, 27 మూలికలు, 39 శాతం. కుంకుమపువ్వు, ముసాంబరం, చేమంతి జాతి పూలు ఇందులో ఉంటాయి. మూత తీయగానే జిందా తిలిస్మాత్ గుర్తొచ్చింది, అదే ఘాటు, ముక్కులోకి దూసుకెళ్లే చల్లదనం. రుచి మాత్రం ఇంకా లోతైనది, శొంఠి కషాయంలో పుదీనా వేసి మరిగించినట్టు, ఆ చేదు పది నిమిషాల దాకా నాలుకను వదలదు. దీన్ని ఏమీ కలపకుండా గ్లాసులు గ్లాసులు తాగాలని చూడకండి. దీని విలువంతా చెంచాడులో ఉంది. టొరాంటో అనే కాక్‌టెయిల్‌కు 60 మిల్లీ రై (రై అనే ధాన్యంతో చేసే) విస్కీ కావాలి, నా దగ్గర లేక మామూలు సింగిల్ మాల్ట్ వేశాను. అందులో ఏడున్నర మిల్లీ ఫెర్నెట్, అంతే కొలత పాకం, రెండు చుక్కలు బిటర్స్ (చేదు మూలికల సారం), ఐసుతో అర నిమిషం కలిపి వడకట్టడం, అంతే. పంచదార పాకంతో ఒకసారి, తాటి బెల్లం పాకంతో ఒకసారి చేశాను. తాటి బెల్లానికి ఉండే పొగ వాసన ఫెర్నెట్‌లోని ఘాటును పట్టుకుని మెత్తన చేసేసింది, ఇంక పంచదారతో చేయబుద్ధి కాలేదు. అరకు కాఫీ చిక్కటి డికాక్షన్‌లో, పాలు లేకుండా, ఒక చెంచా వేసుకున్నా చాలా బావుంది.

మరాస్కినో గురించి కాస్త కోపంగా చెప్పాలి. కిందటేడు బీచ్ రోడ్డులో ఒక హోటల్ బార్‌లో మరాస్కినో ఉన్న డైకిరీ (రమ్ము, నిమ్మరసం కాక్‌టెయిల్) అడిగితే గులాబీ రంగు డ్రింకు తెచ్చారు, కేకుల మీద పెట్టే చెర్రీల డబ్బాలోని పాకం పోసేశారు. బిల్లు మాత్రం పూర్తిగా వేశారు. అసలు మరాస్కినో నీళ్లలాగా తెల్లగా ఉంటుంది. మరాస్కా అనే పుల్లటి చెర్రీని గింజలతో సహా బట్టీ పెట్టి తీస్తారు కాబట్టి చెర్రీ తీపి కంటే చేదు బాదం వాసనే ముందు తగులుతుంది. లుక్సార్డో వాళ్లు 1821లో ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న జారాలో మొదలుపెట్టారు, రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఫ్యాక్టరీ ధ్వంసమైపోతే 1947లో ఇటలీలోని తొర్రేల్యాలో మళ్లీ కట్టుకున్నారు. సీసాకు అల్లిన గడ్డి తొడుగు ఇప్పటికీ ఉంది. 32 శాతం, తీపి ఎక్కువ, ఏమీ కలపకుండా తాగితే నాకు నచ్చలేదు.

డైకిరీలో మాత్రం ప్రాణం పోసింది. హవానాలోని ఎల్ ఫ్లోరిడిటా బార్‌తో ముడిపడిన పద్ధతిలో గ్రేప్‌ఫ్రూట్ వేస్తారు. నేను రైతు బజార్లో దొరికిన పంపరపనస వేశాను. తొనల మీది తెల్ల పొర మొత్తం ఒలిచేయాలి, లేకపోతే ఆ చేదు వేరుగా తగులుతుంది. 60 మిల్లీ తెల్ల రమ్ము, 20 నిమ్మరసం, 20 పంపరపనస రసం, 10 మరాస్కినో, ఐసుతో గట్టిగా షేక్ చేయాలి. పంపరపనసలోనే తీపి ఉంది కాబట్టి పంచదార అక్కర్లేదు. మరాస్కినో 10 దాటనివ్వకండి, 15 వేసిన రోజు సెంటు తాగినట్టుంది.

ఒక్కటే కొనగలిగితే చినార్ కొనండి. బావ వచ్చే నెల మళ్లీ ఓడెక్కుతున్నాడు, ఈసారి చినార్ రెండు తెమ్మని చెప్పాను. మరాస్కినో సగానికి వచ్చింది. ఫెర్నెట్ మాత్రం ఇంకా సీసా భుజం దాకా ఉంది, ఏడున్నర మిల్లీల లెక్కన సంక్రాంతి దాటినా అయిపోదు.