నిద్రపోయే సబ్‌వూఫర్‌తో ఏడాదిన్నర

మిగతావన్నీ తర్వాత, ముందు నా కడుపుమంట చెప్తాను. ఇంట్లో పాటలు మిక్స్ చేసేటప్పుడు లోతైన బేస్ వినబడాలని కొన్న స్పీకరు ఈ సబ్‌వూఫర్, అది పని మధ్యలో నిద్రపోతుంది. కాసేపు సిగ్నల్ అందకపోతే తనంతట తానే ఆగిపోయే ఆటో స్టాండ్‌బై ఉంది, దాన్ని వద్దనుకోవడానికి స్విచ్ లేదు. అదే కంపెనీ మానిటర్ల (మిక్సింగ్‌కి వాడే స్పీకర్ల) వెనక ఆ స్విచ్ ఉంది, సబ్‌కే లేదు. కొనేటప్పుడు వాట్లు చూశాను, క్రాసోవర్ (సబ్‌కీ మానిటర్లకీ శబ్దాన్ని పంచే హద్దు) ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తిరుగుతుందో చూశాను, ఫేజ్ స్విచ్ (సబ్ శబ్దపు అలల్ని తిరగేసి మానిటర్లతో కలిపేది) ఉందో లేదో కూడా చూశాను. ఇది చూడాలని మాత్రం తట్టలేదు.

నావి అయిదంగుళాల మానిటర్లు, నాలుగేళ్లవుతోంది. ఆ సైజువి చాలావరకు 50 హెర్ట్జ్ (సెకనుకి 50 కంపనాలు) చుట్టుపక్కలకి వచ్చేసరికి చేతులెత్తేస్తాయని తెలిసిందే. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్. అది మోగినప్పుడు నాకు గట్టిగా వినబడేది దానికి రెట్టింపున ఉన్న 82, అసలు స్వరం నేను ఊహించుకోవాల్సిందే. ఎనిమిదంగుళాలవి పెడదామంటే టేబుల్ మీద చోటు చాలదు, ఉన్న వాటిని అమ్మడానికి మనసు రాలేదు, అందుకని సబ్.

మొదటి వారం సంతోషానికి అంతులేదు. క్రాసోవర్ 80 దగ్గర పెట్టి, మానిటర్లకి వెళ్లే వైర్లు సబ్ గుండా తిప్పాను. దాంతో 80 కిందిదంతా సబ్ తీసుకుంటుంది, పైది మాత్రమే మానిటర్లకి వెళ్తుంది. తమాషా ఏంటంటే బేస్ కంటే ముందు గొంతు బాగుపడింది. మానిటర్లో కదిలే చిన్న కోన్‌కి బరువు తగ్గేసరికి మధ్య స్థాయి శబ్దాలు విడివిడిగా, తేటగా వచ్చాయి. కలిసినవాళ్లందరికీ ఇదే చెప్పాను. (ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఆ తేడా తెలిసేది సౌండ్ బాగా పెంచినప్పుడే, నేను పనిచేసే రాత్రి వాల్యూములో పెద్దగా తెలియదు.)

అసలు సంగతికి వస్తాను. ఒక రాత్రి గంటకు పైగా ఒక పాట గొంతు ట్రాక్ మీదే కూర్చున్నాను, ఊపిరి శబ్దాలు కోయడం, స, శ లు గీరుకుపోతుంటే తగ్గించడం, అంతా చిన్న వాల్యూములోనే. అది పూర్తయ్యాక డ్రమ్స్, బేస్ తెరిస్తే అడుగంతా పలచగా అనిపించింది. సౌండ్ తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ తక్కువగా వినిపిస్తుంది కదా, అదేలే అనుకుని కొంచెం పెంచాను. చాల్లేదు, ఇంకొంచెం. మొత్తం కలిపి 4 డీబీ (డెసిబెల్, శబ్దానికి కొలత) దాకా వెళ్లి ఉంటాను. బాగా కుదిరిందనిపించి పంపేసి పడుకున్నాను.

పొద్దున్నే పాడినతను ఫోన్ చేశాడు. "అన్నా, కార్లో పెడితే డోర్లు గడగడలాడుతున్నాయి, నా గొంతేది?" అన్నాడు. తప్పు అతని కారుదే అన్నాను, మనం అంతే కదా. తీరా ఫైలు తెరిచి నేను వింటే నా గదిలోనూ దడదడే. రాత్రి విన్నది, ఇప్పుడు వింటున్నది ఒక్క పాటేనా అని నామీద నాకే అనుమానమొచ్చింది. చెవులకి నిద్ర చాల్లేదని సర్దిచెప్పుకుని బేస్ తగ్గించి మళ్లీ పంపాను.

ఇలా మూడుసార్లు జరిగాక, పెన్సిల్ కింద పడితే తీసుకోవడానికి టేబుల్ కిందకి వంగినప్పుడు తెలిసింది. సబ్ వెనక ఉన్న లైటు వెలుగు రోజూ గోడ మీద ఆకుపచ్చగా పడుతుంది, అప్పుడు ఎర్రగా ఉంది. గొంతులో 80 కింద ఏమీ ఉండదు కాబట్టి, నేను దాన్ని సవరిస్తున్నంతసేపూ తన కోసం ఏమీ రాలేదని పడుకుంది. తర్వాత బేస్ వచ్చినా అంత చిన్న సౌండుకి లేవలేదు. పొద్దున గట్టిగా పెట్టగానే లేచింది. పోనీ నిద్రపోయేది మానిటర్ల దారి వదిలి పోయిందా అంటే అదీ లేదు, 80 కిందిది వాటికి వెళ్లనివ్వకుండా ఆపి మరీ పడుకుంది. తను వాయించదు, వాటినీ వాయించనివ్వదు!

కరెంటు ఆదా చేయడం తప్పని నేననను. యూరప్‌లో ఇలాంటి వస్తువులు స్టాండ్‌బైలో అర వాట్ మించి తీసుకోకూడదని 2013 నుంచి నిబంధన ఉంది, తయారుచేసేవాళ్ల తిప్పలు వాళ్లవి. కానీ మానిటర్లకి పెట్టిన స్విచ్ దీనికి పెట్టడానికేమైంది?

చివరికి నేను కనిపెట్టిన ఉపాయం, వినబడీ వినబడనట్టు 20 హెర్ట్జ్ టోన్ ఒకటి ఎప్పుడూ మోగుతూ ఉంచడం. కోన్ మీద వేలు పెడితే నాడి కొట్టుకున్నట్టు సన్నగా కదులుతుంటుంది. ఇందులోనూ దెబ్బతిన్నాను. ఒకసారి ఆ టోన్‌తో సహా పాట ఎగుమతి చేసేశాను, చెవికేమీ తెలియలేదు గానీ పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దం ఉండాల్సిన చోట వేవ్‌ఫామ్ అలలు అలలుగా కనబడింది. ఇప్పుడు ఆ ట్రాక్ మాస్టర్‌లో (బయటికిచ్చే చివరి మిక్స్‌లో) కలవకుండా స్పీకర్లకి మాత్రమే వెళ్లేలా టెంప్లేట్‌లో పెట్టుకున్నాను.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. బేస్ బాగుపడిన ఘనత అంతా సబ్‌కి ఇచ్చాను గానీ అందులో కుర్చీ వాటా పెద్దది. నా గది పొడవు 3.4 మీటర్లు. ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు, దాన్ని పొడవుకి రెట్టింపుతో భాగిస్తే దాదాపు 50 హెర్ట్జ్ వస్తుంది. ఆ శబ్దం ఎదురెదురు గోడల దగ్గర గట్టిగా, గది నట్టనడుమ ఏమీ లేనట్టుగా ఉంటుంది. నేను రెండున్నరేళ్లు కూర్చున్నది సరిగ్గా ఆ నట్టనడుమే! మానిటర్లలో బేస్ లేదని తిట్టుకుంటూ! సబ్ వచ్చాక మైక్ పెట్టి కొలిస్తే 50 దగ్గర గుంట అలాగే ఉంది, సబ్ ఎంత పెంచినా పూడదు, చుట్టుపక్కలవే ఉబ్బుతాయి. కుర్చీ 40 సెంటీమీటర్లు ముందుకి జరిపాక చాలావరకు పూడింది. ఆ పని సబ్ కొనకముందే చేసుంటే, కొనేవాణ్నా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

సబ్ స్థలం కోసం మాత్రం అందరూ చెప్పే పనే చేశాను. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, బేస్ స్కేల్ ఒకటి మోగిస్తూ నేను మోకాళ్ల మీద గోడల వెంబడి పాకాను. ఇంట్లోవాళ్లు చూసి నవ్వారు, నవ్వనీ. మూల దగ్గర ఒక్కో స్వరం ఒక్కో సైజులో ఉంది, టేబుల్ ఎడమ కాలి పక్కన అన్నీ ఇంచుమించు సమానంగా వినబడ్డాయి. అక్కడే ఉంది ఇప్పటికీ. ఫేజ్ స్విచ్ 180 వైపు తిప్పితే 80 దగ్గర నిండుగా వచ్చింది, అలాగే వదిలేశాను.

ఇంతకీ కొనొచ్చా అంటే, నా పని ఎక్కువగా గొంతు, నాలుగైదు వాద్యాలు, అదీ రాత్రిపూట, కింద ఎవరూ లేని ఇంట్లో. నాకు చెల్లుబాటైంది. పగలు గట్టిగా పెట్టి డ్రమ్స్ ఎక్కువున్న పాటలు చేసేవాళ్లకి నిద్ర సమస్య అసలు ఎదురే కాకపోవచ్చు. నాలాంటి వేళల్లో చేసేవాళ్లు మాత్రం వెనక ప్యానెల్ ఫోటో ఒకటి దగ్గరగా చూసి, ఆ స్విచ్ ఉంటేనే డబ్బు కట్టండి.

నాకైతే అమ్మే ఆలోచన లేదు. టోన్ ఉన్నా నమ్మకం చాలక, గోడ మీద పడే వెలుగు కుర్చీలోంచి కనిపించేలా టేబుల్ కాలికి చిన్న అద్దం కట్టాను. బేస్ తగ్గిందనిపిస్తే ఫేడర్ (ట్రాక్ వాల్యూమ్ మీట) ముట్టుకునే ముందు అటు చూస్తాను.